నాన్న పద్ధతి, అమ్మమ్మ పద్ధతి

లా కాలేజీలో ఆమెను ఎదురుగా ఉన్నప్పుడు మేడమ్ అనేవారు, అటు తిరగ్గానే తక్కెడ మేడమ్ అనేవారు. పేరు పెట్టిన పిల్లల్ని తప్పు పట్టడానికి లేదు. దేశదేశాల న్యాయవ్యవస్థలను పోల్చి చూపడం ఆమె పాఠం. పాఠం మొదలైందంటే రెండు చేతులూ గాల్లోకి లేచేవి. "అక్కడ ఇలా" అంటూ కుడి చెయ్యి కిందికి, "ఇక్కడ ఇలా" అంటూ ఎడమ చెయ్యి పైకి. చాక్‌పీసు ఏ చేతిలో ఉంటే ఆ దేశమే తూగుతుందని వెనక బెంచీలవాళ్ళు పందేలు కాసేవారు. ఆ సంగతి ఆమె చెవిన పడకపోలేదు. పడినా కోప్పడలేదు, పైగా లోలోపల కాస్త మురిసిపోయింది.

మొదటి రోజు పాఠం ఏటా ఒకటే. పుస్తకం తెరిచేది కాదు, బల్లకి ఆనుకుని నిలబడి ఇంటి కబుర్లు చెప్పేది.

"మా నాన్న రైల్వేలో సిగ్నళ్ళు చూసేవాడు. ఇంట్లో గాజు గ్లాసు పగిలిందనుకోండి. ముందు మా మాటలేవీ వినేవాడు కాదు. ముక్కలు ఎటు పడ్డాయో చూసేవాడు, నేల ఎంతవరకు తడిసిందో చూసేవాడు, మా అక్క అరికాళ్ళు చూసేవాడు, నా అరికాళ్ళు చూసేవాడు. అడగాల్సిందంతా తనే అడిగేవాడు. మేం నోరు కుట్టేసుకున్నా సరే, నిజం బయటికి లాగేవాడు. అమ్మమ్మ ఇంట్లో అలా కాదు. ఆవిడ మంచం దిగేది కాదు. 'నువ్వు చెప్పవే, ఇప్పుడు నువ్వు చెప్పవే' అనేది. ఇద్దరి మాటా విని, ఎవరిది గట్టిగా ఉంటే వాళ్ళ వైపు తీర్పు. ఎవరూ చెప్పని సంగతి ఆవిడ దృష్టిలో జరగనట్టే."

పిల్లలు నవ్వేవారు. వాళ్ళ ఇళ్ళల్లోనూ అలాంటి నాన్నలూ అమ్మమ్మలూ ఉండే ఉంటారు.

"కొన్ని దేశాల కోర్టులు మా నాన్నలాంటివి. జడ్జిగారే తవ్వుతారు, సాక్షిని ఆయనే అడుగుతారు. కొన్ని మా అమ్మమ్మలాంటివి. రెండు వైపుల లాయర్లూ తవ్వి తెచ్చి ముందు పోసిందే జడ్జిగారు చూస్తారు. అచ్చంగా ఒకటే పద్ధతి ఉన్న దేశం దొరకడం కష్టం, అన్నిచోట్లా కాస్త కలగాపులగమే. ఏది మంచిదని మాత్రం నన్ను అడక్కండి. పోల్చడమంటే మార్కులు వెయ్యడం కాదు. గ్లాసు అదే, పిల్లలు వాళ్ళే. ఇల్లు మారితే దోషి ఎందుకు మారుతుంది? అది తెలుసుకోవడానికే ఈ పాఠం."

ఆ తర్వాత రెండో ఉదాహరణ. బస్సులో ఒకడు మీ కాలు తొక్కి "క్షమించండి" అన్నాడు. ఆ మాట మర్యాదా, సాక్ష్యమా? ఒక దేశంలో అది తప్పు ఒప్పుకోవడం కిందికే వస్తుంది. ఇంకో దేశంలో, ఇలాగైతే జనం మర్యాదే మానేస్తారని భయపడి, క్షమాపణను సాక్ష్యంగా వాడకూడదని ఏకంగా చట్టమే చేశారు. మరో దేశంలో కోర్టే "వెళ్ళి క్షమాపణ చెప్పు" అని తీర్పిస్తుంది. కుడి చెయ్యి కిందికి, ఎడమ చెయ్యి పైకి. గంట కొట్టేవాళ్ళు కూడా ఒక నిమిషం ఆగి వినేవారని కాలేజీలో చెప్పుకునేవారు. అది కాస్త అతిశయోక్తే అనుకోండి.

ఆ పాఠంలో ఆమె ఎన్నడూ చెప్పని ముక్క ఒకటుంది. నాన్న ఇంట్లో ఆమె చాలాసార్లు దొరికిపోయేది. అమ్మమ్మ ఇంట్లో ఒక్కసారీ దొరకలేదు. మాటకారి కదా!

ఇక బాబాయి సంగతి చెప్పాలి. బాబాయి కాలేజీ లైబ్రరీలో అటెండరు. ఆయన అందరికీ బాబాయే, మేడమ్‌కి కూడా. పిల్లలు సారీ బాబాయ్ అని పిలిచేవారు. ఎందుకంటే ఆయన అన్నిటికీ సారీ చెప్పేవాడు. ఎవరో పుస్తకం కింద పడేస్తే ఆయన "సారీ అమ్మా" అని వంగి తీసేవాడు. కరెంటు పోతే సారీ. బయట వాన పడుతుంటే, గొడుగు తెచ్చుకోని పిల్లని చూసి సారీ. ఒకసారి ప్రిన్సిపాల్ గారికి తుమ్ము వస్తే కూడా సారీ అన్నాడని ఒక కథ ఉంది. నోట్లో నాలుక లేని మనిషి అనేవారు గానీ, ఆ నాలుక మీద ఆ ఒక్క మాట మాత్రం ఎప్పుడూ సిద్ధంగా ఉండేది.

ఆ ఏడాది మేడమ్ సబ్జెక్టుకి లైబ్రరీలో విడిగా ఒక మూల దొరికింది. కొత్త ఇనప ర్యాకు వచ్చింది. ఎంతో కాలంగా అడగ్గా అడగ్గా వచ్చిన ర్యాకు అది. మర్నాడే బయటి నుంచి పెద్దలు కాలేజీ చూడ్డానికి వస్తున్నారు. ఆమె ఆత్రం చూసి బాబాయి అన్నాడు:

"మేడమ్, దీన్ని ఇంకా గోడకి బిగించలేదు. బోల్టులు రేపు మధ్యాహ్నం వేస్తారంట. అంతవరకు పైన బరువు పెట్టకండి. బిగించాక నేను సర్దుతాను, సారీ."

"సరే బాబాయ్," అందామె. అని, ఆయన ఇంటికి వెళ్ళేదాకా ఆగి, స్టూలు లాక్కుంది. రాసిపెట్టిన చట్టాల మీద నడిచే దేశాలవి పల్చటి పుస్తకాలు, అవి కింది అరల్లో. పాత తీర్పుల మీద నడిచే దేశాలవి ఇటుకల్లాంటి సంపుటాలు, అవి పై అరలో. చూడ్డానికి ఎంత బాగుందో! వచ్చే పెద్దలు గుమ్మంలో అడుగు పెట్టగానే ముందు ఆ బంగారు అక్షరాలే కనిపించాలని ఆమె కోరిక. స్టూలు దిగి, చేతులు దులుపుకుని, రెండడుగులు వెనక్కి వేసి మరీ చూసుకుంది.

పొద్దున్నే బాబాయి వచ్చి చూశాడు. ఎవరు పెట్టారో ఆయనకి వేరే చెప్పాలా? ఎవరికీ ఏమీ చెప్పకుండా, మేడమ్ వచ్చేలోగా దించేద్దామని ఒక్కొక్కటే దించడం మొదలుపెట్టాడు. ర్యాకు ముందుకు వాలింది. ఆయన కుడి మణికట్టు ఇనప అరకీ బల్ల అంచుకీ మధ్య నలిగిపోయింది.

చప్పుడు విని పరిగెత్తుకొచ్చినవాళ్ళలో మేడమ్ కూడా ఉంది. ర్యాకు పైకి లేపుతుంటే, మొహమంతా చెమటలు కారుతూ ఆయన ఆమెనే చూసి అన్నాడు: "సారీ మేడమ్. నా పొరపాటే. పుస్తకాలు పాడైపోయినట్టున్నాయి."

అందరూ విన్నారు. "అయ్యో, నేను పెట్టాను బాబాయ్" అన్న మాట గొంతుదాకా వచ్చింది. అక్కడే ఆగింది. ఇంతమంది ముందు ఎందుకు, తర్వాత నిదానంగా చెప్పొచ్చు అనుకుంది. తర్వాత అన్నది ఎంత తియ్యటి మాటో చూడండి!

చెయ్యి అతికింది గానీ పట్టు రాలేదు. పుస్తకం కాదు కదా, టీ గ్లాసు కూడా ఆ చేత్తో ఎత్తలేకపోయాడు. ప్రమాదం కాలేజీ వల్ల జరిగిందంటే వైద్యం ఖర్చూ ఉద్యోగమూ కాలేజీ చూసుకోవాలి. ఆయన నిర్లక్ష్యం వల్లే అంటే ఇంటికి పంపించెయ్యొచ్చు. అది తేల్చడానికి ప్రిన్సిపాల్ గారు పెద్దగా ఒక విచారణ సంఘం వేశారు. యాజమాన్యం తరఫున ఒక లాయరు కూర్చున్నాడు. బాబాయి తరఫున బాబాయే కూర్చున్నాడు.

లాయరు చాలా మర్యాదస్తుడు, అడిగినవి కూడా చిన్న చిన్న ప్రశ్నలే. ర్యాకు మీ అజమాయిషీలోదేనా? అవునండి. బోల్టులు లేవని మీకు తెలుసా? తెలుసండి. అయినా దాని మీద చెయ్యి వేశారా? వేశానండి. 'నా పొరపాటే' అన్నారా? అన్నానండి, సారీ.

అప్పుడు మేడమ్‌ని పిలిచారు.

"ఆయన ఆ మాట అనగా మీరు విన్నారా?"

"విన్నాను."

"ఈ విషయంలో మీకన్నా తెలిసినవాళ్ళు ఇక్కడ లేరు. మన దేశంలో ఆ మాటని ఒప్పుకోలుగా తీసుకోవచ్చా?"

ఆమె చేతులు అలవాటుగా లేవబోయాయి. ఒళ్ళో పెట్టుకుని బిగించుకుంది. వేరే దేశాల్లో వేరేలా ఉంటుందని చెప్పొచ్చు. ఈయన అన్నిటికీ సారీ అంటాడని చెప్పొచ్చు. పుస్తకాలు పెట్టింది నేనని చెప్పొచ్చు. కానీ అవేవీ లాయరు అడగలేదు కదా?

"తీసుకోవచ్చు," అంది.

"అంతేనండి, థాంక్స్."

లేచి వస్తుంటే బాబాయి ఆమెకి దారి ఇవ్వడానికి కుర్చీ పక్కకి జరుపుకున్నాడు. ఆ నలిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఆమె ఇంకా ఏదో చెప్తుందన్నట్టు చూశాడు. ఆమె గడప దాటేసింది.

అప్పటి నుంచి ఆమెకి లైబ్రరీ వైపు నడవాలంటే కాళ్ళాడలేదు. వరండాలో ఎవరైనా నవ్వితే తనని చూసే నవ్వారనిపించేది. తేలు కుట్టిన దొంగలా తిరిగింది పాపం. పాపం అన్నానని జాలి పడకండి, ఆమె మీద ఆమెకే జాలి లేదు. రాత్రి అన్నం ముందు కూర్చుంటే ఒకటే వాదన: అడిగినదానికి అబద్ధం చెప్పానా? లేదు. తప్పుడు చట్టం చెప్పానా? లేదు. మరి ఈ మొహం ఎందుకిలా కాలుతోంది? దానికి జవాబు ఏ దేశపు పుస్తకంలోనూ దొరకలేదు.

కొత్త బ్యాచి వచ్చింది. మొదటి రోజు పాఠం. నాన్న, అమ్మమ్మ, గాజు గ్లాసు. పిల్లలు నవ్వారు. బస్సులో కాలు తొక్కినవాడి దగ్గరికి వచ్చింది. కుడి చెయ్యి కిందికి, ఎడమ చెయ్యి పైకి. ముందు బెంచీలో కూర్చున్న ఒక అమ్మాయి, పాఠం అర్థమైందన్న సంబరంతో చెయ్యెత్తింది.

"అంటే మేడమ్, మన లైబ్రరీ బాబాయి గారి ఉద్యోగం కూడా అందుకే పోతోందంట కదా? ఆయన ఆ రెండో దేశంలో ఉండుంటే పోయేది కాదన్నమాట!"

తక్కెడ అలాగే గాల్లో ఆగిపోయింది. ఆ పిల్ల కళ్ళలో ఏ వంకరా లేదు. మంచి ఉదాహరణ దొరికిందని, మేడమ్ మెచ్చుకుంటుందని చూస్తోంది. మేడమ్‌కి తల కొట్టేసినట్టయింది. చేతులు దించుకుని, "ఇవాళ్టికి ఇంతే" అంది. గంట కొట్టడానికి ఇంకా చాలా టైముంది. పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

అక్కడి నుంచి సరాసరి అక్క దగ్గరికి వెళ్ళింది. అక్కకి బజారు మలుపులో బట్టలు కుట్టే షాపుంది. పెద్దగా చదువుకోలేదు గానీ, ఎవరి నోరైనా మూయించగలదు. మిషను మీద ఏదో కోటు అంచు కుడుతోంది. చెల్లెలు మూలనున్న స్టూలు మీద కూర్చుని మొత్తం చెప్పింది. స్టూలు ఎక్కిన దగ్గర నుంచి గడప దాటిన దాకా, ఏదీ దాచలేదు. అక్క మిషను ఆపలేదు. చివరికి దారం కొరికి, కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకుంది.

"నీకు గుర్తుందా? అమ్మమ్మ ఇంట్లో పింగాణీ జాడీ పగిలింది."

"ఉంది."

"నేను గుమ్మంలో ఏడుస్తూ నిలబడ్డా. నువ్వు చెప్పినవన్నీ నిజాలే. అక్క వంటింట్లో ఉంది అన్నావు, ఉన్నా. అక్క చెయ్యి తడిగా ఉంది అన్నావు, తడిగానే ఉంది. నువ్వెక్కడున్నావో అమ్మమ్మ అడగలేదు, నువ్వు చెప్పలేదు. దెబ్బలు నాకు పడ్డాయి."

"చిన్నతనం అక్కా..."

"అప్పుడు చిన్నతనమే. నేనెప్పుడో మర్చిపోయా, నీమీద ఒట్టు. మరి ఇప్పుడు ఏ తనమంటావే?" అని కళ్ళద్దాలు మళ్ళీ కిందికి లాక్కుని, "నువ్వెప్పుడూ అమ్మమ్మ ఇంట్లోనే గెలుస్తావు," అంది. మిషను మళ్ళీ మొదలైంది.

మేడమ్ ఏడ్చింది. ఏడుస్తుంటే అక్క ఒక గుడ్డపీలిక ఇచ్చింది గానీ ఓదార్చలేదు. అక్కలకి అన్నీ తెలుసు.

మర్నాడు పళ్ళు కొనుక్కుని బాబాయి ఇంటికి వెళ్ళింది. మూడో అంతస్తు, ఇరుకు మెట్లు, గుమ్మం పక్కన చెప్పులు. తలుపు తీసింది ఆయన కూతురు. ఫోన్లు బాగుచేసే షాపులో పని చేస్తుంది. కిటికీ దగ్గర బాబాయి ఒక రబ్బరు బంతిని కుడి చేత్తో నొక్కడానికి తంటాలు పడుతున్నాడు. మేడమ్‌ని చూడగానే లేచి నిలబడ్డాడు. బంతి జారి మంచం కిందికి దొర్లింది.

"సారీ మేడమ్, ఇల్లు ఇలా ఉంది. కూర్చోండి, కూర్చోండి. ఆ బోల్టులు వేశారా మేడమ్?"

వేశారు. ఆయన చెయ్యి నలిగిన రోజు మధ్యాహ్నమే వచ్చి వేశారు. ఆ మాట చెప్పలేక తలూపింది.

దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ ఎటు పోయాయో! "బాబాయ్, ఆ పుస్తకాలు పైన పెట్టింది నేను. మీరు వద్దన్నా పెట్టాను. అక్కడ చెప్పాల్సింది, చెప్పలేదు. నన్ను..." అంటూ ఆగింది.

"అయ్యో, మీరేంటి మేడమ్ అలా అంటారు? పర్వాలేదు, పర్వాలేదు. నాకు తెలుసు కదా."

నాకు తెలుసు కదా. తెలిసీ ఆయన అక్కడ నోరు మెదపలేదు. ఎందుకు చెప్పలేదని అడగడానికి ఆమెకి మొహం చెల్లలేదు. అడక్కుండానే ఆయన చెప్పాడు: "మీరే చెప్తారులే అని ఊరుకున్నా మేడమ్. మీ మాట మీరు చెప్తే బాగుంటుంది, నేను చెప్తే చాడీలాగా ఉంటుంది."

అంతవరకు గోడకి ఆనుకుని ఉన్న కూతురు వంగి మంచం కింద బంతి తీసింది. తండ్రి చేతిలో పెట్టి, ఆయన వేళ్ళు ఒక్కొక్కటే దాని చుట్టూ మూసింది. తర్వాత మేడమ్ వైపు తిరిగింది. కోపంగా లేదు, అలిసిపోయి ఉంది.

"ఆంటీ, మా నాన్న మిమ్మల్ని ఎప్పుడో క్షమించేసి ఉంటాడు. ఆయన వానని కూడా క్షమిస్తాడు. ఆ మాట మా ఇంట్లో చెప్తే మీ మనసు తేలికవుతుంది, అంతే. మళ్ళీ వినమని నేను అర్జీ పెట్టాను. సోమవారం పిలిచారు. ఆ మాట అక్కడికొచ్చి చెప్పండి."

"అమ్మాయ్, పెద్దవాళ్ళతో అలా..." అన్నాడు బాబాయి.

"నాన్నా, నువ్వు బంతి నొక్కు."

మేడమ్ మెట్లు దిగింది. పళ్ళ సంచి చేతిలోనే ఉందని వీధిలోకి వచ్చాక గమనించింది. మళ్ళీ పైకి వెళ్ళే ధైర్యం లేక, ఇంటికి తీసుకుపోయింది. ఆ పళ్ళు ఆమె ఇంట్లో ఎవరూ తినలేదు.

సోమవారం. అదే గది, అదే పొడుగు బల్ల. చివర్లో గుమాస్తా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. బాబాయి, పక్కనే కూతురు. మేడమ్ తనని ఎవరూ పిలవకముందే లేచింది.

"నన్నెవరూ అడగని సంగతి ఒకటి చెప్పాలి," అంది.

లాయరు నవ్వుతూనే చెయ్యి అడ్డం పెట్టాడు. "మేడమ్, అడిగినప్పుడు చెప్దురుగాని. మీకు తెలియనిదా?"

"తెలుసు. ముప్ఫయ్యేళ్ళుగా అదే చెప్తున్నాను. ర్యాకు బిగించలేదని, బరువు పెట్టొద్దని బాబాయి నాకు చెప్పాడు. ఆయన ఇంటికి వెళ్ళాక పై అరలో సంపుటాలు పెట్టింది నేను. నేను పెట్టినవి దించుతుంటే ఆయన చెయ్యి పోయింది. ఆయన సారీ అన్నది తప్పు చేసి కాదు. ఆయన అందరి తప్పులకీ అంటాడు. ఆ రోజు నా తప్పుకి అన్నాడు. అది తెలిసి కూడా, ఈ కుర్చీలోనే కూర్చుని అది ఒప్పుకోలే అన్నాను."

ప్రిన్సిపాల్ గారు పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టారు.

"మేడమ్, దయచేసి ఇంకేమీ అనకండి. మీమీదికే వస్తుంది," అన్నాడు లాయరు, ఈసారి నవ్వకుండా.

"రానివ్వండి. నన్ను క్షమించండి."

బాబాయి అలవాటుగా కుర్చీలో ముందుకు జరిగాడు. "అయ్యో మేడమ్, పర్వా..."

లాయరు కళ్ళు మెరిశాయి. గుమాస్తా వైపు వేలు చూపించాడు. "ఆయన పర్వాలేదంటున్నారు, అది రాసుకోండి..."

కూతురు తండ్రి మోచేతి మీద చెయ్యి వేసింది. "నాన్నా. ఈ ఒక్కసారికి నువ్వేమీ అనకు. నాకోసం."

ఆయన కూతుర్ని చూశాడు. సగంలో ఉన్న మాటని మింగేశాడు. మింగడం ఎంత కష్టమైందో ఆయన గొంతు చూస్తే తెలుస్తోంది.

గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. "సార్, ఏం కొట్టమంటారు? 'మేడమ్ విచారం వ్యక్తం చేశారు' అననా?"

"విచారం చాలు," అన్నాడు లాయరు వెంటనే.

"నేనన్నదే కొట్టండి," అంది మేడమ్. అంటుండగానే ఒక సంగతి తట్టి ఆమె మొహం మళ్ళీ మండిపోయింది. ఇందాక ఆ మాట అన్నప్పుడు తను చూసింది ప్రిన్సిపాల్ గారి వైపు. ఇన్నాళ్ళూ బల్ల అవతల కూర్చున్నవాళ్ళకి చెప్పుకోవడమే అలవాటు. పక్కనున్న మనిషికి చెప్పడం రాదు.

బాబాయి వైపు తిరిగింది. ఆయన ఒళ్ళో ఆ చెయ్యి ఉంది, వేళ్ళు సగం మూసుకుని.

"బాబాయ్, తప్పు నాది. నన్ను క్షమించండి."

ఈసారి పర్వాలేదనడానికి ఎవరూ లేరు. బాబాయి పెదాలు ఒకసారి కదిలాయి. కూతురి వైపు చూశాడు, కిందికి చూశాడు, ఏమీ అనలేదు. మేడమ్ చేతులు రెండూ పక్కన వేలాడేసుకుని, ఆయన ఎదురుగా అలాగే నిలబడి ఉంది.